సీఆర్‌పీ పెరిగింది సరే, ఎందుకు పెరిగింది?

అనంతపురం సాయినగర్‌లోని చాలా ల్యాబ్‌లు ఇప్పుడు 'ఫుల్ బాడీ చెకప్' ప్యాకేజీలో సీఆర్‌పీ (సి-రియాక్టివ్ ప్రోటీన్) అనే రక్తపరీక్షను కూడా కలిపే ఇస్తున్నాయి. షుగర్, కొలెస్ట్రాల్ అంకెలు చదవడం జనానికి అలవాటైపోయింది. ఈ కొత్త అంకె దగ్గరే తడబాటు. రిపోర్టులో 14 అని ఉంటుంది, పక్కనే 6 లోపు ఉండాలని ఉంటుంది. ఇంటికొచ్చి ఫోన్‌లో వెతికితే, 'మీ ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్, అంటే వాపు, ఉంది. గుండెజబ్బు, షుగర్, కీళ్లవాతం, మతిమరుపు, అన్నిటికీ మూలం ఇదే' అని ఒక వీడియో చెబుతుంది. వీడియో చివర్లో ఏదో ఒక పొడి డబ్బా అమ్ముతారు.

ఆ మాటలో సగం నిజమే. దీర్ఘకాలిక జబ్బుల్లో మన రోగనిరోధక వ్యవస్థ వదిలే అణువుల హస్తం ఉందని గత 30, 40 ఏళ్ల పరిశోధన గట్టిగానే తేల్చింది. తేడా వచ్చేది 'అన్నిటికీ ఒకటే' అన్న చోట. ఒక్కో జబ్బులో ఒక్కో అణువుది పైచేయి, అది పుట్టే చోటు వేరు, పుట్టించే కారణం వేరు. ఆ తేడా చూడకుండా వాపు తగ్గించే మందేదో ఒకటి వేసుకుంటే డబ్బు దండగ కావడం ఒక్కటే కాదు, ఒక్కోసారి ప్రాణం మీదికి వస్తుంది.

చేనులో తుమ్మముల్లు కాలికి దిగిందనుకోండి. సాయంత్రానికి ఆ చోటు ఎర్రబడుతుంది, ఉబ్బుతుంది, వేడెక్కుతుంది, సలుపుతుంది. ఈ నాలుగు లక్షణాలనూ సెల్సస్ అనే రోమన్ రచయిత దాదాపు 2000 ఏళ్ల కిందటే రాసిపెట్టాడు. లోపల జరిగేదేమిటో తెలిసింది మాత్రం మొన్నమొన్ననే. చర్మం కింద కాపలా ఉండే మాక్రోఫేజ్ కణాలు, ముల్లుతో పాటు లోపలికొచ్చిన బ్యాక్టీరియాను పసిగట్టగానే కొన్ని చిన్న ప్రోటీన్లను వదులుతాయి. వీటికే సైటోకైన్లని పేరు. టీఎన్‌ఎఫ్, ఇంటర్‌ల్యూకిన్-1, ఇంటర్‌ల్యూకిన్-6 వీటిలో ముఖ్యమైనవి.

ఇవి క్రిములను నేరుగా చంపేవి కావు. ఊళ్లో దండోరా వేసినట్టు కబురు చాటుతాయి, అంతే. ఆ కబురు వినే చెవి, అంటే దానికి సరిపోయే గ్రాహకం, ఉన్న ప్రతి కణమూ వింటుంది. విని తన పని తాను చేస్తుంది. టీఎన్‌ఎఫ్ కబురందిన రక్తనాళాల గోడలు వదులై తెల్లకణాలకు దారిస్తాయి. ఇంటర్‌ల్యూకిన్-1 సంగతి మెదడుకు తెలిస్తే జ్వరం వస్తుంది. ఇంటర్‌ల్యూకిన్-6 కాలేయానికి చేరితే అది సీఆర్‌పీ తయారీకి దిగుతుంది. జ్వరమొచ్చినప్పుడు అన్నం సయించకపోవడం, ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాకపోవడం, ముసుగుతన్ని పడుకోవాలనిపించడం కూడా చాలావరకు ఈ కబుర్ల ప్రభావమే. కీళ్లవాతం ఉన్నవాళ్లు 'నొప్పి సంగతి సరే, ఈ నీరసమే భరించలేకున్నాను' అంటే ఇంట్లోవాళ్లు సోమరితనం అనుకుంటారు. నెలల తరబడి అదే కబురు మెదడుకు వెళ్తుంటే మనిషి అలాగే ఉంటాడు మరి.

సీఆర్‌పీని 1930లో న్యూయార్క్ రాక్‌ఫెల్లర్ సంస్థలో టిలెట్, ఫ్రాన్సిస్ అనే ఇద్దరు న్యుమోనియా రోగుల రక్తంలో కనుక్కున్నారు. గట్టి ఇన్‌ఫెక్షన్ తగిలితే ఇది ఒకట్రెండు రోజుల్లోనే వందల రెట్లు పెరుగుతుంది. కారణం తొలగిపోతే సుమారు 19 గంటలకొకసారి సగం అవుతూ దిగిపోతుంది. కాబట్టి రిపోర్టులో అంకె పెరిగిందంటే, కాలేయానికి ఎక్కడినుంచో కబురు అందిందని అర్థం. పంటి చిగురు నుంచా, మోకాలి నుంచా, ఊపిరితిత్తుల నుంచా, పొట్ట చుట్టూ ఉన్న కొవ్వు నుంచా అన్నది ఆ అంకె చెప్పదు, చెప్పలేదు.

గుండెకు ఎంత రిస్కుందో అంచనా వేయడానికి హైసెన్సిటివిటీ సీఆర్‌పీ అని వేరే పరీక్ష ఉంది. అందులో లీటరుకు 1 మిల్లీగ్రాము లోపుంటే రిస్కు తక్కువ, 1 నుంచి 3 వరకు మధ్యరకం, 3 దాటితే ఎక్కువ. 10 దాటిందంటే గుండె సంగతి పక్కనపెట్టి ముందు ఇన్‌ఫెక్షనో, దెబ్బో, మరేదైనా జబ్బో ఉందేమో చూడాలి. అదీ ఒక్కసారితో తేల్చరు, రెండు వారాల తేడాతో రెండుసార్లు చూస్తారు. జలుబు చేసిన వారంలోనే రక్తమిచ్చి, వచ్చిన అంకె చూసి టెన్షన్ పడేవాళ్లు బోలెడంత మంది. కొలమానం కూడా చూసుకోవాలి. కొన్ని ల్యాబ్‌లు లీటరు లెక్కన, కొన్ని డెసిలీటరు లెక్కన ఇస్తాయి. డెసిలీటరుకు 1.2 అన్నా లీటరుకు 12 అన్నా ఒకటే. పోయినసారి 12 ఉంటే ఈసారి 1.2కి దిగిందని సంబరపడి మందు మానేస్తే ఏమవుతుందో ఊహించండి.

వాపును పట్టే పాత పరీక్ష ఈఎస్ఆర్. సన్నని గాజుగొట్టంలో రక్తం నింపి స్టాండుకు నిలబెట్టి, గంటలో ఎర్రకణాలు ఎన్ని మిల్లీమీటర్లు కిందికి దిగాయో చూస్తారు. చవక, అందుకే చిన్న ఊళ్లలో ఇప్పటికీ ఇదే నడుస్తోంది. కానీ రక్తం తక్కువగా ఉన్నా ఈఎస్ఆర్ పెరుగుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో సగానికి పైగా ఆడవాళ్లకు రక్తహీనత ఉందని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతోంది. అలాంటి చోట 40 వచ్చిందని కీళ్లవాతం ముద్ర వేసేయడం తొందరపాటే.

ఇక ఈ కబురు ఆగకపోతే ఏమవుతుందో రాయలసీమ వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. చికున్‌గున్యా చూశాం కదా. 2005 చివర్లో మన రాష్ట్రంలో కనిపించి, 2006లో దేశమంతా పాకింది. ఆ ఒక్క ఏడాదిలో అనుమానిత కేసులు 13.9 లక్షలని లెక్క తేలింది. జ్వరం వారానికే దిగింది. వేళ్లు ముడుచుకోలేక, చెంబు పట్టుకోలేక, పొద్దున లేస్తే పాదం కింద పెట్టలేక అవస్థపడినవాళ్లకు నెలలు, కొందరికి ఏళ్లు పట్టింది. వైరస్ రక్తంలోంచి ఎప్పుడో పోయింది. మరి నొప్పి ఎందుకు పోలేదు? అలా నొప్పులు మిగిలిపోయినవాళ్ల రక్తంలో ఇంటర్‌ల్యూకిన్-6 ఎక్కువగా ఉందని 2011లో సింగపూర్ పరిశోధకులు చూపించారు. కీళ్లలోని మాక్రోఫేజ్‌లలో వైరస్ అవశేషాలు చాలాకాలం మిగిలిపోవడం దీనికి ఒక కారణం కావచ్చు.

వాపు దానంతటదే చల్లారిపోతుందని చాలాకాలం అనుకున్నారు. అలా కాదు, ఆపడానికి కూడా ఒంట్లో ప్రత్యేకంగా ఒక పని జరగాలి. ఇంటర్‌ల్యూకిన్-10 లాంటి సైటోకైన్లు, చేపనూనెలో ఉండే ఒమేగా-3 కొవ్వుల నుంచి ఒంట్లోనే తయారయ్యే రిజాల్విన్లు 'ఇక చాలు' అన్న కబురు పంపుతాయి. ఈ రిజాల్విన్ల సంగతి బోస్టన్‌లో చార్లెస్ సెర్హన్ బృందం బయటపెట్టింది. ఆ రెండో కబురు అందకపోయినా, మొదటి కారణం ఒంట్లోనే తిష్ఠ వేసినా, వ్యవస్థ తన కణాలనే శత్రువులని పొరబడినా జబ్బు దీర్ఘకాలికం అవుతుంది.

మన జిల్లాలో ఇంకో మెలిక కూడా ఉంది. ఇక్కడ మోకాళ్లు, నడుము పట్టేసిన ప్రతి మనిషికీ ఈ అణువులే కారణం కాదు. బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువున్న ఊళ్లలో ఏళ్ల తరబడి ఆ నీళ్లు తాగినవాళ్లకు ఎముకలే మందమై, కీళ్ల చుట్టూ గట్టిపడతాయి. వాళ్లకు కావాల్సింది మంచినీళ్లు. వాపు మాత్రలు ఎన్ని మింగినా ఎముకలోని ఫ్లోరైడ్ బయటికి రాదు.

అసలైన కీళ్లవాతం, అంటే రుమటాయిడ్ ఆర్థరైటిస్, కథ వేరు. పొద్దున లేవగానే గంటకు పైగా వేళ్లు బిగుసుకుపోవడం, రెండు చేతుల కణుపులూ ఒకేలా వాయడం దీని గుర్తులు. ఇందులో సైటోకైన్లు పదుల సంఖ్యలో ఉంటాయి కాబట్టి ఒక్కదాన్ని ఆపితే ఏం లాభమని అప్పట్లో చాలామంది పెదవి విరిచారు. లండన్‌లో మార్క్ ఫెల్డ్‌మన్, రవీందర్ మైని మాత్రం టీఎన్‌ఎఫ్ మీదే మిగతావి ఆధారపడి ఉన్నాయని నమ్మారు. 1992లో కొద్దిమంది రోగులకు టీఎన్‌ఎఫ్‌ను పట్టేసే యాంటీబాడీ ఎక్కించి చూస్తే వాపులు దిగిపోయాయి. ఈ ఇద్దరికీ 2003లో లాస్కర్ పురస్కారం వచ్చింది. ఒక అణువును ఆపి జబ్బును నిలువరించవచ్చని దాంతో రుజువైంది. జపాన్‌లో తదమిత్సు కిషిమొటో ఇంటర్‌ల్యూకిన్-6 మీద చేసిన పని నుంచి, దాన్ని అడ్డుకునే టోసిలిజుమాబ్ అనే ఇంజెక్షన్ వచ్చింది. కోవిడ్ రెండో వేవ్‌లో ఆ ఇంజెక్షన్ కోసం జనం ఎంత తిరిగారో గుర్తుండే ఉంటుంది.

టీఎన్‌ఎఫ్‌ను ఆపడానికి ఒక మూల్యం ఉంది, అది మన దేశంలో మరీ ఎక్కువ. 15 ఏళ్లు దాటినవాళ్లలో దాదాపు మూడోవంతు మంది ఒంట్లో టీబీ క్రిమి నిద్రాణంగా ఉంది. మాక్రోఫేజ్‌లు ఆ క్రిముల చుట్టూ గుమికూడి వాటిని కదలనివ్వకుండా బంధించి ఉంచుతాయి. ఆ గుంపు చెదిరిపోకుండా పట్టి ఉంచేది ఈ టీఎన్‌ఎఫే. మందుతో దాన్ని తీసేస్తే క్రిమి బయటపడుతుంది. 2001లో ఇలా టీబీ తిరగబెట్టిన 70 మంది వివరాలు అమెరికాలో ప్రచురించాక, ఈ ఇంజెక్షన్ ముందు ఛాతీ ఎక్స్‌రే, నిద్రాణ టీబీని పట్టే మాంటూ లేదా ఇగ్రా పరీక్ష తప్పనిసరి చేశారు. 'కీళ్లకు మందివ్వమంటే ఛాతీ ఫొటో ఎందుకు తీస్తారు' అని విసుక్కునేవాళ్లకు జవాబు ఇదీ. కీళ్లలో నొప్పి పుట్టించే అణువూ, ఊపిరితిత్తుల్లో టీబీని ఆపే అణువూ ఒక్కటే.

ఈ ఇంజెక్షన్ల ఖర్చు చాలామంది భరించలేరు. వాళ్లకు నమ్మకమైన మందు మెథోట్రెక్సేట్. వారానికి ఒక్కరోజే వేసుకోవాలి. చీటీ మీద 'ఆదివారం మాత్రమే' అని పెద్దక్షరాలతో రాయించుకోండి. పొరపాటున రోజూ వేసుకుంటే నోరంతా పుండ్లు పడి, ఎముకమూలుగ దెబ్బతిని ప్రాణం పోయే ప్రమాదముంది. ఇంకో చిన్న విషయం: కీళ్లవాతం ఉన్న ఆడవాళ్లకు ఎన్ని ఐరన్ మాత్రలిచ్చినా రక్తం పట్టకపోవడం చూస్తుంటాం. ఇంటర్‌ల్యూకిన్-6 కబురుతో కాలేయం హెప్సిడిన్ అనే హార్మోన్‌ను పెంచుతుంది. అది పేగు నుంచి ఇనుమును రక్తంలోకి రానివ్వదు. అక్కడ ముందు వాపు తగ్గితేనే ఐరన్ ఒంటికి పడుతుంది.

ఇప్పుడు తాడిపత్రి వైపు వెళ్దాం. నాపరాళ్లు, గ్రానైట్ కోసి పాలిష్ పట్టే మిషన్ల దగ్గర పనిచేసేవాళ్ల కనుబొమలు కూడా సాయంత్రానికి తెల్లబడి ఉంటాయి. ఆ కనిపించే దుమ్ముతో అంత భయం లేదు. కంటికి కనిపించని సన్నటి సిలికా రేణువులు ఊపిరితిత్తుల లోతుల్లోకి పోతాయి. నాపరాయి కంటే గ్రానైట్‌లో సిలికా బాగా ఎక్కువ. మాక్రోఫేజ్ ఆ రేణువును మింగుతుంది కానీ అరిగించుకోలేదు. లోపలే చిక్కుపడిన ఆ రేణువు వల్ల ఎన్‌ఎల్‌ఆర్‌పీ-3 ఇన్‌ఫ్లమసోమ్ అనే యంత్రాంగం మేలుకుంటుంది, అది ఇంటర్‌ల్యూకిన్-1ను తయారుచేసి బయటికి వదులుతుంది. కణం చచ్చిపోతుంది, రేణువు బయటపడుతుంది, ఇంకో మాక్రోఫేజ్ దాన్ని మింగుతుంది. ఇలా ఏళ్లకేళ్లు నడిచి ఊపిరితిత్తి మచ్చలు కట్టి గట్టిపడిపోతుంది. అదే సిలికోసిస్. పని మానేసినా అది ఆగదు, ఎందుకంటే రేణువు ఎక్కడికీ పోదు. పైగా సిలికోసిస్ ఉన్నవాళ్లకు టీబీ ముప్పు ఎక్కువ. మూతికి తువ్వాలు కట్టుకుంటే ఆగే దుమ్ము కాదిది. నీళ్లు పోస్తూ కోయడం, సరైన మాస్కు, ఇవే దారి.

ఇక్కడి నుంచే కథ ఆసక్తికరంగా మారుతుంది. స్విట్జర్లాండ్‌లోని లొజాన్‌లో యుర్గ్ చోప్ బృందం 2006లో, గౌట్ జబ్బులో బొటనవేలి కీలులో పేరుకునే యూరిక్ ఆమ్లం స్ఫటికాలు ఇదే యంత్రాంగాన్ని మేల్కొలుపుతాయని చూపింది. 2008లో సిలికా, రాతినార (ఆస్‌బెస్టాస్) కూడా అదే చేస్తాయని తేల్చింది. రాతినార అంటే పులివెందుల దగ్గర ఒకప్పుడు తవ్వినదే. 2010లో రక్తనాళాల గోడల్లోని కొలెస్ట్రాల్ స్ఫటికాలదీ అదే తీరని ఇంకో బృందం చెప్పింది. పాలిష్ మిషన్ దగ్గరి కూలీ ఊపిరితిత్తి, అర్ధరాత్రి బొటనవేలు సలిపి లేచి కూర్చునే పెద్దమనిషి కీలు, స్టెంటు వేయించుకున్నాయన గుండె నాళం: ఈ మూడింట్లోనూ గట్టి రేణువును అరిగించుకోలేని మాక్రోఫేజ్ వేసే కేక ఒక్కటే.

అలాగైతే ఆ ఇంటర్‌ల్యూకిన్-1ను ఆపితే గుండెపోటు తగ్గాలి కదా? 2017లో వెలువడిన కాంటోస్ అధ్యయనం సరిగ్గా ఇదే అడిగింది. ఒకసారి గుండెపోటు వచ్చి, సీఆర్‌పీ ఇంకా ఎక్కువగానే ఉన్న 10,061 మందిని తీసుకున్నారు. ఇంటర్‌ల్యూకిన్-1ను ఆపే కానకినుమాబ్ అనే ఇంజెక్షన్ 150 మిల్లీగ్రాముల మోతాదులో మూడు నెలలకొకసారి తీసుకున్నవాళ్లలో గుండెపోటు, పక్షవాతం వంటివి 15 శాతం తగ్గాయి. చెడు కొలెస్ట్రాల్ ఏమాత్రం మారలేదు. వాపు కూడా గుండెజబ్బుకు కారణమేననడానికి ఇంత సూటి రుజువు అంతకుముందు లేదు. కానీ ప్రాణాంతక ఇన్‌ఫెక్షన్లు పెరగడంతో మొత్తం మరణాల్లో తేడా రాలేదు, ఆ మందు గుండె వార్డుల దాకా రాలేదు.

దాని పక్కనే జరిగిన ఇంకో అధ్యయనం నాకు ఇంకా ముఖ్యమనిపిస్తుంది. సర్ట్ అనే ఆ పరీక్షలో 4,786 మంది గుండెరోగులకు, కీళ్లవాతంలో బాగా పనిచేసే మెథోట్రెక్సేట్‌నే ఇచ్చారు. గుండెకు ఏ మేలూ జరగలేదు. ఇంటర్‌ల్యూకిన్-1, ఇంటర్‌ల్యూకిన్-6, సీఆర్‌పీ ఏవీ తగ్గలేదు కూడా. ఇదీ వాపు మందే, అదీ వాపు మందే. కీళ్లకు పనికొచ్చింది గుండెకు పనికి రాలేదు. 'ఇన్‌ఫ్లమేషన్ తగ్గించే మందు' అని గుండుగుత్తగా మాట్లాడేవాళ్లకు ఈ ఒక్క ఫలితం చూపిస్తే చాలు.

ఇంతలో పాత గౌట్ మాత్ర కొల్చిసిన్ ముందుకొచ్చింది. 2020లో 5,522 మంది మీద రోజుకు అర మిల్లీగ్రాము ఇచ్చి చూస్తే గుండె ఘటనలు 31 శాతం తగ్గాయి. 2023లో అమెరికా అనుమతిచ్చింది. 2024లో గుండెపోటు వచ్చిన వెంటనే ఇచ్చి చూసిన పెద్ద అధ్యయనంలో మాత్రం ప్రయోజనం కనిపించలేదు, కాబట్టి వాదన ఇంకా నడుస్తోంది. వానలు పడ్డాక కంచెల మీద ఎరుపు పసుపు రంగుల్లో మంటలా పూసే అడవి నాభి దుంపలోనూ, గింజల్లోనూ ఉండేది ఈ కొల్చిసినే. మందుకీ విషానికీ మధ్య తేడా చాలా సన్నం. దయచేసి ఎవరూ ఆ దుంప జోలికి పోవద్దు.

షుగర్ సంగతి ఇంత తేలిగ్గా తేలదు. 1993లో హార్వర్డ్‌కు చెందిన హోటమిస్లిగిల్, స్పీగల్‌మన్ లావెక్కిన ఎలుకల కొవ్వులోంచి టీఎన్‌ఎఫ్ వస్తోందని, అది ఇన్సులిన్ పనికి అడ్డుపడుతోందని చూపించారు. పొట్టలోపలి కొవ్వులో మాక్రోఫేజ్‌లు చేరి మకాం వేస్తాయని 2003లో తెలిసింది. కానీ మనుషుల్లో టీఎన్‌ఎఫ్‌ను ఆపితే షుగర్ చెప్పుకోదగ్గట్టు తగ్గలేదు. కాంటోస్‌లో కొత్తగా షుగర్ రావడమూ ఆగలేదు. అక్కడ వాపు ఒక చెయ్యి వేస్తుంది, అంతే. మొత్తం భారం దానిమీద వేయడానికి లేదు.

ఇంటర్‌ల్యూకిన్-6నైనా చెడ్డదని తేల్చేద్దామంటే కుదరదు. వేగంగా నడిచినప్పుడు, చేలో పనిచేసినప్పుడు కండరం కూడా ఇంటర్‌ల్యూకిన్-6ను వదులుతుందని కోపెన్‌హాగెన్‌లో బెంటే పెడర్సన్ బృందం చూపింది. కండరం నుంచి కాసేపు వచ్చిపోయే ఆ అణువు, వాపును తగ్గించే ఇంటర్‌ల్యూకిన్-10ను పెంచుతుంది. కొవ్వు నుంచి రోజంతా కొద్దికొద్దిగా ఊరుతుంటే అదే హాని. అణువు అదే, వచ్చే చోటూ ఉండే కాలమూ మారాయి.

పసుపు గురించి అడుగుతారు కాబట్టి ఒక మాట. పరీక్షనాళికలో కర్కుమిన్ వాపును ఆపుతుంది, నిజమే. తిన్నప్పుడు ఒంటికి పట్టేది అతి తక్కువ. పప్పులో పసుపు వేసుకోండి, ఏ ఇబ్బందీ లేదు. గాఢమైన పసుపు గుళికలు మింగి కాలేయం దెబ్బతిన్న కేసులు ఉన్నాయి కాబట్టి వాటితో జాగ్రత్త.

చివరగా అసలు ప్రమాదం దగ్గరికొద్దాం. అది పసుపు డబ్బాలో లేదు, కాగితం పొట్లంలో ఉంది. 'అన్నా, పోయినసారి ఇచ్చిన ఆ సెట్టే ఇయ్యి, దాంతోనే లేచి తిరుగుతాండా' అని మందుల షాపులోనో, ఆర్‌ఎంపీ దగ్గరో అడగడం ఊరూరా వినిపిస్తుంది. ఆ సెట్టులో పేరు లేని చిన్న తెల్ల మాత్ర చాలాసార్లు స్టెరాయిడే అయి ఉంటుంది. ఒక్కరోజులో నొప్పి తీసేస్తుంది, ఎందుకంటే అది ఏదో ఒక సైటోకైన్‌ను ఆపి ఊరుకోదు, కణం లోపలికే వెళ్లి వాటిని తయారుచేసే జన్యువులను మూకుమ్మడిగా అణిచేస్తుంది. 1948లో మేయో క్లినిక్‌లో ఫిలిప్ హెంచ్ కీళ్లవాతంతో మంచానపడిన రోగికి కార్టిసోన్ అనే స్టెరాయిడ్ ఇస్తే ఆమె రోజుల్లోనే లేచి నడిచింది, రెండేళ్లకే హెంచ్‌కు నోబెల్ వచ్చింది. దుష్ఫలితాలు కూడా అంతే త్వరగా బయటపడ్డాయి. కోవిడ్‌లో డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ వెంటిలేటర్ మీదున్నవాళ్ల మరణాలను మూడోవంతు తగ్గించింది. ఆక్సిజన్ అవసరం లేనివాళ్లకు ఏ మేలూ చేయలేదు.

నెలల తరబడి ఆ పొట్లం వాడితే మొహం గుండ్రంగా ఉబ్బుతుంది, షుగర్ ఎక్కుతుంది, ఎముకలు గుల్లబారతాయి, నిద్రపోతున్న టీబీ లేవడానికీ వీలు చిక్కుతుంది. అలాగని ఇది చదివి రేపటి నుంచి టక్కున ఆపేయకండి. ఒంట్లో స్టెరాయిడ్ తయారుచేసే అడ్రినల్ గ్రంథులు అప్పటికే పని మానేసి ఉంటాయి. ఉన్నట్టుండి ఆపితే బీపీ పడిపోయి, వాంతులై, మనిషి కుప్పకూలే ప్రమాదముంది. మిగిలిన మాత్రలను పొట్లంతో సహా పట్టుకెళ్లి డాక్టరుకు చూపించండి. ఎన్నాళ్లుగా, రోజుకెన్ని వేసుకుంటున్నారో దాచకుండా చెప్పండి. మోతాదును వారాల తరబడి కొంచెం కొంచెంగా ఎలా తగ్గించాలో ఆయనే రాసిస్తారు.